పెనం నుంచి బల్ల దాకా: బ్రంచ్‌కి ఏది చెప్పుకోవాలి?

పదకొండున్నర అయింది. పొద్దున ఏమీ తినలేదు, మధ్యాహ్నం దాకా ఆగే ఓపికా లేదు. వీధి మలుపులోని చిన్న కెఫేలో మూల బల్ల ఖాళీగా దొరికింది. చేతికి మెనూ వచ్చింది. గుడ్లతో ఆరు రకాలు, తీపి నాలుగు రకాలు, టోస్టులు, గిన్నెలు, వాటి పక్కన రంగురంగుల బొమ్మలు. ఆకలి రుచి ఎరుగదంటారు. ఈ వేళ ఆకలి మెనూ కూడా ఎరుగదు, కంటికి నచ్చిన బొమ్మ మీద వేలు పెట్టేస్తుంది. అరగంట గడిచాక ఆ బొమ్మకు దూరపు చుట్టం లాంటిదేదో పళ్ళెంలో వచ్చి కూర్చుంటుంది.

ఇలా జరిగినప్పుడు వంట చేసినవాళ్ళను తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు పొరపాటు మన ఎంపికలోనే ఉంటుంది. నాకు ఏది ఇష్టం అన్నది ఇంట్లో వేసుకోవలసిన ప్రశ్న. కెఫేలో, అదీ రద్దీ వేళలో, ముందుగా ఆలోచించవలసింది ఇంకొకటి ఉంది: పొయ్యి దిగిన తరువాత ఈ వంటకం ఎంతసేపు బాగుంటుంది? ఈ లెక్కన చూస్తే మెనూలోని పదిహేను పేర్లూ రెండు గుంపులుగా విడిపోతాయి. కొన్ని ఓపిగ్గా నిలబడతాయి, కొన్ని దిగిన నిమిషం నుంచే పాడవుతూ వస్తాయి.

బ్రంచ్ అనే మాటే ఆలస్యం లోంచి పుట్టింది. 1895లో గై బెరింజర్ అనే ఆంగ్ల రచయిత, శనివారం రాత్రి పొద్దుపోయేదాకా మేలుకున్నవారి తరఫున వకాల్తా పుచ్చుకుని, ఆదివారం ఉదయపు ఫలహారాన్నీ మధ్యాహ్న భోజనాన్నీ ఒకటి చేయమని వాదిస్తూ ఈ మాట వాడాడు. ఆయన వాదన గెలిచింది. ఫలితంగా ఆలస్యంగా లేచినవాళ్ళందరూ ఒకే గంటలో ఒకే చిన్న వంటగది మీద పడతారు. ఈ రద్దీని దృష్టిలో పెట్టుకోకుండా బ్రంచ్ ఎంపిక గురించి మాట్లాడటం దండగ.

అందుకే కూర్చోగానే వంటగది వైపు ఒకసారి చూడండి. చిన్న కెఫేల్లో అది సగమైనా కనిపిస్తుంది. ఒక వెడల్పాటి ఇనప పెనం, రెండు మూడు బర్నర్లు, ఒక ఓవెన్, బహుశా పిండిని గళ్ళగళ్ళుగా కాల్చే ఒక వాఫిల్ యంత్రం. వండేది ఒకరు, మహా అయితే ఇద్దరు. పెనం పెద్దదైతే పాన్‌కేకులు, ఫ్రెంచ్ టోస్ట్, వేయించిన గుడ్లు ఆ వంటగదికి బలం. ఒకేసారి ఎనిమిదో పదో పడతాయి. వాఫిల్ యంత్రం ఒక్కటే ఉంటే వాఫిళ్ళు ఒకటి తరువాత ఒకటిగానే వస్తాయి. ఒక్కోదానికి నాలుగైదు నిమిషాలు, మధ్యలో యంత్రం మళ్ళీ వేడెక్కాలి. నలుగురు వచ్చి నలుగురూ వాఫిలే చెబితే, నాలుగో పళ్ళెం వచ్చేసరికి మొదటివారు కాఫీ కూడా ముగించి ఫోను చూసుకుంటూ ఉంటారు.

పక్క బల్లల మీదా ఒక కన్ను వేయండి, మర్యాద దాటకుండా. ఒకే వంటకం మూడు నాలుగు బల్లల మీద కనిపిస్తే దాని సామాను ఇవాళ వేగంగా తిరుగుతోందని, వండే చేతికి అది బాగా అలవాటని అర్థం. మెనూలో నక్షత్రం గుర్తు పెట్టిన వంటకం కంటే ఈ సాక్ష్యం గట్టిది.

బెనెడిక్టా, షక్షూకానా?

గుడ్డు మీద మనసుపడ్డవారు ఎక్కువగా తేల్చుకోలేకపోయేది ఈ రెండింటి మధ్యే. రెండింటిలోనూ జారే పచ్చసొనే ఆకర్షణ. స్వభావాలు మాత్రం పూర్తిగా వేరు.

ఎగ్స్ బెనెడిక్ట్ అంటే కాల్చిన ఇంగ్లిష్ మఫిన్ (తీపి లేని గుండ్రటి చిన్న రొట్టె) చెక్కలు రెండు, ఒక్కో దాని మీద హామ్ (నిలవచేసిన పంది మాంసం) ముక్క, ఆ పైన పెంకు లేకుండా నీళ్ళలో ఉడికించిన గుడ్డు, అన్నింటి మీదా హాలండైజ్ సాస్. ఇది న్యూయార్క్ సృష్టి. ఎవరి కోసం, ఏ వంటగదిలో అన్నదాని మీద 19వ శతాబ్దం చివరి నాటి కథలు రెండు మూడు ఇప్పటికీ పోటీ పడుతున్నాయి. అసలు చిక్కు ఏమిటంటే, నాలుగు వస్తువులూ నాలుగు చోట్ల తయారై ఒకే నిమిషంలో కలవాలి. మఫిన్ కరకరలాడుతూ, హామ్ వేడిగా, గుడ్డు లోపల జారుగా, సాస్ పట్టులా. ఏ ఒక్కటి వెనకబడినా మిగిలిన మూడూ దాని కోసం కాచుకుని చల్లారతాయి.

అన్నింటిలోకీ పెంకె ఘటం సాస్. పచ్చసొన, కరిగించిన వెన్న, నిమ్మరసం తప్ప అందులో పెద్దగా ఏమీ లేదు. వెన్న సన్నని బిందువులుగా పచ్చసొనలో పట్టి ఉండటమే దాని ప్రాణం. వేడి 70 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు పోతే పచ్చసొన గడ్డకట్టి సాస్ విరిగిపోతుంది. చల్లారితే వెన్న పేరుకుంటుంది. కాబట్టి ఎక్కడో మధ్యలో, గోరువెచ్చగా ఉంచుతారు. దురదృష్టమేమిటంటే గోరువెచ్చదనం బాక్టీరియాకు కూడా ఇష్టమే. పొద్దున్న చేసిన సాస్ మధ్యాహ్నం ఒంటిగంట దాకా అలా కూర్చోవడం మంచిది కాదు. చిన్న విడతలుగా చేసుకునే కెఫే అయితే ధైర్యంగా చెప్పవచ్చు. సాస్ ఇక్కడే చేస్తారా, ఎప్పుడు చేశారు అని అడగడంలో తప్పేమీ లేదు. ఆ సాస్‌ను తమ చేత్తో చేసేవారికి ఆ ప్రశ్న ముచ్చటగానే ఉంటుంది.

ఒకచోట నేను చెప్పిన బెనెడిక్ట్ అచ్చంగా బొమ్మలాగే వచ్చింది. గుడ్డు కోస్తే పచ్చసొన అడిగినట్టే జారింది. మఫిన్ కోయబోయాక తెలిసింది సంగతి. కత్తి తడిసిన స్పాంజిలోకి దిగినట్టు చప్పుడు లేకుండా దిగింది. పళ్ళెం కాస్త వంచి చూస్తే అంచున పలచటి నీళ్ళు, వాటి మీద వెన్న చుక్కలు కళ్ళుకళ్ళుగా తేలుతున్నాయి. గుడ్డును నీళ్ళలోంచి తీశాక ఒక పొడిగుడ్డ మీద క్షణం ఆపి తడి ఆర్చాలి. ఆ ఒక్క క్షణం రద్దీలో దొరకలేదు, అంతే. గుడ్డు మంచిదే, సాస్ మంచిదే, మునిగిపోయింది మాత్రం మఫిన్.

ఇక్కడ ఒక అపోహ కూడా తీర్చుకుందాం. గుడ్లను ముందే ఉడికించి మంచునీళ్ళలో వేసి ఉంచి, ఆర్డరు రాగానే ఒక నిమిషం వేడినీళ్ళలో ముంచి తీసే పద్ధతి చాలా వంటగదుల్లో ఉంది. అది మోసం కాదు. చక్కగా చేస్తే తేడా తెలియదు. నిలవ గుడ్ల తెల్లసొన పలచబడి నీళ్ళలో తోకలు తోకలుగా చెదురుతుంది కనుక, గుండ్రంగా ముద్దగా ఉన్న గుడ్డు వస్తే గుడ్లు తాజావని సంతోషించవచ్చు.

షక్షూకా ఉత్తర ఆఫ్రికా వంటకం. ట్యునీషియా, లిబియా వంటి చోట్ల నుంచి బయలుదేరి ప్రపంచంలోని కెఫేలన్నీ చుట్టింది. టమాటా, ఉల్లి, క్యాప్సికం, వెల్లుల్లి, జీలకర్ర, కాస్త మిరప కలిపి చిక్కగా మగ్గించిన సాస్‌లో గుంటలు చేసి, గుడ్లు కొట్టి పోసి మూత పెడతారు. వంటగదికి ఇందులో ఉన్న సుఖం గమనించండి: సాస్ పొద్దున్నే చేసి పెట్టుకోవచ్చు, నిలిచినకొద్దీ రుచి పెరుగుతుందే గానీ తరగదు. ఆర్డరు వచ్చాక మిగిలేది గుడ్లు కొట్టడం, కాచుకోవడం. బల్ల మీదకు ఇనప మూకుడుతో సహా వస్తుంది గనుక పావుగంట కబుర్లు చెప్పుకున్నా వేడి చెక్కుచెదరదు.

అయితే ఆ మూకుడే దీని శత్రువు కూడా. పొయ్యి దిగినా అది వండుతూనే ఉంటుంది. బల్ల మీద పెట్టినప్పుడు జారుగా ఉన్న పచ్చసొన మీరు ఫోటోలు తీసేలోగా గట్టిపడిపోతుంది. ముందు పచ్చసొన దగ్గర మొదలుపెట్టండి, సాస్ ఎక్కడికీ పోదు. రెండో సంగతి రొట్టె. షక్షూకాలో సగం రుచి ముంచుకుని తినే రొట్టెదే. రెండు పల్చటి ముక్కలు మాత్రమే ఇచ్చే చోటయితే ఇంకో రెండు ముందే చెప్పుకోండి. సాస్ మిగిలిపోయాక రొట్టె కోసం చెయ్యెత్తి కూర్చోవడం విసుగు.

నా తీర్పు ఇది. కెఫే తెరిచిన మొదటి గంటలో వెళ్ళినా, వారం మధ్యలో తీరిగ్గా వెళ్ళినా బెనెడిక్ట్ చెప్పండి. బాగా కుదిరిన బెనెడిక్ట్‌కు మెనూలో సాటి వచ్చేది లేదు. బయట జనం నిలబడి ఉన్నారంటే ఆలోచించకుండా షక్షూకా. అది కుదరకపోవడానికి గట్టి ప్రయత్నం చేయాలి.

జారే పచ్చసొన గురించి ఒక జాగ్రత్త. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చిగా మిగిలిన గుడ్డుకు, హాలండైజ్‌కు దూరంగా ఉండటం మేలు. సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం వీరి విషయంలో చిన్నది కాదు. గుడ్డు వంటకాలను 71 డిగ్రీల వరకు ఉడికిస్తే నిశ్చింత. షక్షూకాను పూర్తిగా ఉడికించి ఇమ్మంటే ఇస్తారు, బెనెడిక్ట్‌లో సాస్‌ను మాత్రం అలా ఉడికించలేరు.

మిగిలిన గుడ్లు

కలిపి వండిన గుడ్లు, అంటే స్క్రాంబుల్డ్ ఎగ్స్, రద్దీలో నేను చెప్పను. గుడ్డులోని ప్రొటీన్లు వేడికి బిగుసుకుంటూ నీటిని బయటికి పిండేస్తాయి. పెనం మీద మెత్తగా, మీగడలా ఉన్నది పళ్ళెంలో మూడు నిమిషాలు ఆగితే కింద నీళ్ళు వదులుతుంది, టోస్ట్ తడుస్తుంది. వండిన వెంటనే మీ ముందు పెట్టగల చోటయితే మాత్రం ఇంతకంటే హాయైన తిండి లేదు.

ఆమ్లెట్ చెప్పేముందు ఏ రకమో కనుక్కోండి. ఫ్రెంచ్ పద్ధతిలో పైన మరక లేకుండా లేత పసుపు రంగులో చుట్టగా వస్తుంది, లోపల మెత్తగా, కాస్త తడిగా ఉంటుంది. రెండోది గోధుమ రంగు వచ్చేదాకా కాల్చి, కూరగాయలు, చీజ్ పెట్టి సగానికి మడిచేది. మొదటిది చేయి తిరిగిన పని, ఒకరు అదే పనిగా నిలబడి చేయాలి. రెండోది నలుగురితో పాటు నలిగినా తట్టుకుంటుంది. చిన్న కెఫేలో సాధారణంగా దొరికేది రెండోదే. కూరగాయలు ముందుగా వేయించి వేస్తారా అని మాత్రం అడగండి. పచ్చి పుట్టగొడుగులు, టమాటా ముక్కలు నేరుగా వేస్తే ఆ నీరంతా మడతలోనే చేరుతుంది.

మామూలు వేయించిన గుడ్డును చులకన చేయకండి. దాన్ని దాచడానికి సాస్ లేదు, మసాలా లేదు. పెనం ఎంత వేడిగా ఉంది, వెన్న మాడిందా, వండేవారికి ఓపిక ఉందా అన్నీ దాని అంచుల్లో కనిపిస్తాయి.

తీపిలో మూడు దారులు

పాన్‌కేక్, వాఫిల్, ఫ్రెంచ్ టోస్ట్. సిరప్ ఒకటే, పైన వేసే పండ్లు ఒకటే, ధర కూడా ఇంచుమించు ఒకటే అయినప్పుడు ఏది చెప్పుకోవాలి?

వాఫిల్‌ది అందగత్తె స్వభావం, క్షణికం. పిండిలో వెన్న, చక్కెర పాన్‌కేక్ కంటే కాస్త ఎక్కువ పడటం వల్లా, రెండు వైపులా ఒకేసారి కాలడం వల్లా పైపొర కరకరలాడుతుంది. లోపలి ఆవిరి బయటికి వస్తూ ఆ కరకరనే మెత్తబరుస్తుంది. చదునైన పళ్ళెంలో పెడితే కింది వైపు ఆవిరికి దారి లేక ఇంకా త్వరగా తడుస్తుంది. దాని మీద ఐస్‌క్రీం, స్ట్రాబెర్రీలు, సిరప్ అన్నీ గుమ్మరించి ఇస్తే వాఫిల్ తిన్నట్టు కాదు, తడి కేకు తిన్నట్టు. పైవన్నీ పక్కన గిన్నెలో ఇమ్మని చెప్పండి. గళ్ళలో మీరే కొంచెం కొంచెం పోసుకుంటూ తింటే చివరి ముక్క దాకా చప్పుడు వినిపిస్తుంది.

పాన్‌కేక్ ఇంత సున్నితం కాదు. మెత్తదనమే దాని గుణం గనుక ఆవిరితో దానికి పేచీ లేదు. తేడా అంతా పిండి దగ్గరే. మజ్జిగలోని పులుపు, సోడా కలిసి విడుదల చేసే వాయువు వల్ల అది పొంగుతుంది. పిండిని నున్నగా వచ్చేదాకా గిలక్కొడితే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ బిగిసి రబ్బరులా సాగుతుంది. ఉండలు ఉండలుగా ఉన్న పిండిని చూసి వంటవారి బద్ధకం అనుకోకండి, అదే తెలివి. మధ్యలో ఫోర్కు గుచ్చి తీయండి. పక్కలు మెల్లగా లేచి మళ్ళీ కలుసుకుంటే బాగా కుదిరినట్టు. గుచ్చినచోట అతుక్కుపోయి జిగటగా తీగ సాగితే లోపల ఉడకలేదు. చాలా మందంగా, మూడు వేళ్ళ ఎత్తున ఉండే రకాలకు పావుగంటకు పైగా పడుతుంది. మెనూలో ఆ మాట రాసి ఉంటే నమ్మండి, కాఫీ మొదట తెప్పించుకోండి.

ఫ్రెంచ్ టోస్ట్ నా పక్షం, దాచడమెందుకు? ఫ్రెంచివారు దాన్ని ‘పాన్ పెర్దూ’ అంటారు, పోగొట్టుకున్న రొట్టె అని అర్థం. నిన్నటి రొట్టెను పాలూ గుడ్లూ కలిపిన ద్రవంలో నానబెట్టి వెన్నలో కాల్చడం. ఎండిన రొట్టె తడిని లోపలిదాకా పీల్చుకుని కూడా విరిగిపోదు. తాజా మెత్తని రొట్టె అయితే పైపైన తడిసి చేతిలో చిరిగిపోతుంది. నిన్నటి సరుకుతో చేశారన్నది ఇక్కడ ఫిర్యాదు కాదు, అర్హత. నానబెట్టే పని పొద్దున్నే అయిపోతుంది కాబట్టి రద్దీలో దీనికి కావలసింది పెనం మీద చోటే. రొట్టె ఏదో అడగండి. వెన్నా గుడ్లూ వేసి చేసే బ్రియోష్ రొట్టెను మందంగా కోసినదైతే చెప్పేయండి. మామూలు పల్చటి శాండ్‌విచ్ రొట్టె అయితే ఇంట్లో చేసుకోగలరు. పళ్ళెం వచ్చాక మధ్యకు కోసి చూడండి: లోపల మెత్తగా, కస్టర్డ్‌లా ఉంటే సరి. చల్లగా తగిలిందంటే లోపలి దాకా వేడి వెళ్ళలేదు. మొహమాటపడకుండా వెనక్కి పంపండి, రెండు నిమిషాల్లో సరిచేసి ఇస్తారు.

మూడింటికీ కలిపి ఒక్క ప్రశ్న: సిరప్ అసలైన మేపుల్ సిరప్పేనా? మేపుల్ చెట్టు నుంచి కారిన దాదాపు 40 లీటర్ల రసం మరిగిస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది. అందుకే చాలాచోట్ల మొక్కజొన్న సిరప్‌కు రంగూ వాసనా కలిపినది సీసాలో పెడతారు. అలాంటప్పుడు తేనె, లేదా వెన్నా నిమ్మరసమూ చక్కెరా అడగడం మంచిది.

అవకాడో టోస్ట్ గురించి క్లుప్తంగా. 1993లో సిడ్నీలో బిల్ గ్రేంజర్ తన కెఫే మెనూలో పెట్టిన తరువాత అది లోకమంతా పాకింది. ఇప్పుడు ప్రతి కెఫేలోనూ ఉంది, ప్రతి ఇంట్లోనూ చేసుకోవచ్చు. కాబట్టి ఇంట్లో లేనిది ఏదైనా అక్కడ ఉంటేనే చెప్పండి. సాధారణంగా అది రొట్టె. బాగా పులిసిన, గట్టి పైపొర ఉన్న సార్‌డో రొట్టెను దోరగా కాల్చి ఇస్తే సరే. అవకాడో మీద గోధుమరంగు తిరిగిందంటే ముందే మెదిపి పెట్టారన్నమాట. గాలి తగిలితే అలా అవుతుంది, నిమ్మరసం కొంతసేపే ఆపుతుంది.

పెరుగు, గ్రానోలా (తీపి కలిపి దోరగా కాల్చిన ఓట్స్), పండ్ల గిన్నె ఎప్పుడూ చల్లగానే వస్తుంది, అయిదు నిమిషాల్లో వస్తుంది, చెడే అవకాశం తక్కువ. ఆరోగ్యం కోసం అనుకుని చెప్పేవారు గ్రానోలాలో చక్కెర, నూనె ఎంత పడతాయో ఒకసారి గుర్తు చేసుకోవాలి. తరువాత పని ఉండి, తిన్నాక నిద్ర ముంచుకు రాకూడదనుకుంటే మాత్రం ఇది తెలివైన ఎంపిక.

పానీయం విషయంలో అందరూ చేసే పొరపాటు పెద్ద లాటే. పావు లీటరుకు పైగా పాలు తాగాక పాన్‌కేకులకు చోటు ఎక్కడ మిగులుతుంది? తీపి వంటకంతో బ్లాక్ కాఫీ, గుడ్లతో చిన్న కపుచినో. నారింజ రసాన్ని సిరప్ పోసిన దేనితోనూ తాగకండి, తీపి తరువాత అది ఉత్త పులుపుగా తగులుతుంది.

ఇద్దరు వెళ్తే ఒక ఉప్పటిది, ఒక తీపిది చెప్పి మధ్యలో పెట్టుకోవడం మంచి పద్ధతి. తినే వరుస మాత్రం మార్చండి. తీపి చివర్లోనే తినాలన్న నియమాన్ని కాసేపు పక్కన పెట్టి, ఏది ముందు పాడవుతుందో అది ముందు తినండి. వాఫిల్, షక్షూకా వస్తే గట్టిపడిపోయే పచ్చసొన చెరి ఒకటి తినేసి, వాఫిల్ ముగించి, ఆ తరువాత తీరిగ్గా రొట్టెతో సాస్ దగ్గరకు రండి. మూకుడు వేడి అప్పటికీ వేలికి తగులుతుంది.

కొత్త కెఫేలో అన్నీ ఒకేరోజు తేల్చుకోవాలని లేదు. మొదటిసారి వేయించిన గుడ్లు, టోస్ట్ చెప్పి పెనాన్నీ రొట్టెనూ పరీక్షించండి. రొట్టె బాగుంటే రెండోసారి ఫ్రెంచ్ టోస్ట్ లేదా షక్షూకా. ఈ రెండూ నిరాశపరచకపోతే మూడోసారి, రద్దీ లేని రోజు చూసుకుని, బెనెడిక్ట్. మా ఇంటి దగ్గరి కెఫేకు నేను వెళ్ళడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఫ్రెంచ్ టోస్ట్ ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. బెనెడిక్ట్ మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. మెనూలో మూడో వరుసలో బొమ్మతో సహా ఉంది. వాళ్ళకు బర్నర్లు రెండే. వెళ్ళిన ప్రతిసారీ ఒకదాని మీద సూప్ మరుగుతూ ఉంటుంది.